విదేశీ సాయం మూడో తరగతి పిల్ల చేతిలోని పుస్తకం దాకా వచ్చేదెలా?

హైదరాబాద్‌లోని ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో కొంతకాలం వారానికి రెండు పూటలు పిల్లల చేత కథల పుస్తకాలు చదివించాను. ఆ బడికి గ్రంథాలయమంటే ప్రధానోపాధ్యాయురాలి గదిలో ఉన్న ఒక ఇనుప బీరువా. అందులో రెండు వందలకు పైగా బొమ్మల పుస్తకాలున్నాయి; విదేశీ విరాళాలతో నడిచిన ఒక కార్యక్రమంలో భాగంగా వచ్చినవి. మంచి కాగితం, పెద్ద అక్షరాలు, పేజీకి రెండు మూడు వాక్యాలు. మొదటిసారి బయటికి తీసినప్పుడు వాటిలో చాలావాటికి కొత్త పుస్తకం వాసన ఇంకా పోలేదు. ప్రధానోపాధ్యాయురాలు తాళంచెవి చేతికిస్తూ, "లెక్క చూసి లోపల పెట్టించండి మేడమ్, ఒక్కటి తగ్గినా స్టాక్ రిజిస్టర్‌లో సంతకం నాది" అన్నారు. ఆవిడ భయంలో తప్పుపట్టడానికి ఏమీ లేదు. పుస్తకాలు వచ్చిన రోజున సంతకం పెట్టించుకున్నవాళ్లు, చిరిగిపోతే ఏం చేయాలో ఆవిడకు చెప్పలేదు.

2025 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు విదేశీ సాయాన్ని 90 రోజులపాటు నిలిపివేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. 1961లో కెన్నెడీ హయాంలో పుట్టిన అమెరికా ప్రభుత్వ విదేశీ సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ 2025లోనే జూలై 1 నాటికి విడి సంస్థగా పని ఆపేసింది; మిగిలిన కొద్దిపాటి బాధ్యతలు అక్కడి విదేశాంగ శాఖ చేతికి వెళ్లాయి. అప్పటి నుంచి మన దగ్గర ఈ విషయం మీద రెండు వాదనలు వినిపిస్తున్నాయి. సాయం ఆగిపోతే పేదపిల్లల చదువు మూలపడుతుందని కొందరు, పరాయి సొమ్ము మన బడుల్లోకి రావడమే తప్పని మరికొందరు అంటున్నారు. రెండు వాదనలూ డబ్బు ఎంత, ఎవరిది అన్న దగ్గరే ఆగిపోతున్నాయి. ఆ డబ్బుతో ఏం కొన్నారు, కొన్నది టీచరు రోజువారీ పనిలో కలిసిందా, కార్యక్రమం ముగిశాక బడిలో ఏం మిగిలింది అన్న ప్రశ్నలు వేస్తేనే ఈ చిక్కుముడి కొంతైనా విడుతుంది.

ఒకే మాట, నాలుగు దారులు

సాయం అనగానే ఉచితంగా వచ్చే డబ్బు అని చాలామంది అనుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో పునాది చదువుల (చిన్న తరగతుల్లో చదవడం, రాయడం, లెక్కలు) మెరుగుదలకు 2021లో ప్రపంచ బ్యాంకు ఆమోదించిన 'సాల్ట్' కార్యక్రమం విలువ 25 కోట్ల డాలర్లు. అది అప్పు, తీర్చవలసింది మనమే. పైగా అది ఫలితాల ఆధారంగా విడుదలయ్యే అప్పు: ముందుగా ఒప్పుకున్న లక్ష్యాలు నెరవేరినట్టు తేలితేనే ఆ మేరకు సొమ్ము వస్తుంది. 2020లో 50 కోట్ల డాలర్లతో మంజూరైన 'స్టార్స్' కూడా ప్రపంచ బ్యాంకు రుణమే. అది హిమాచల్ ప్రదేశ్, రాజస్థాన్, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, ఒడిశా, కేరళలకు ఉద్దేశించింది. అతి పేద దేశాలకు నామమాత్రపు వడ్డీతో రుణాలిచ్చే ప్రపంచ బ్యాంకు విభాగం జాబితా నుంచి భారత్ 2014లోనే బయటికి వచ్చింది. కాబట్టి ఇప్పుడు వచ్చే పెద్ద మొత్తాలను సాయం అనడం కంటే షరతులున్న అప్పు అనడమే సరైనది.

నిజంగా గ్రాంటుగా, అంటే తిరిగి తీర్చనక్కర్లేకుండా, వచ్చిన డబ్బు తెలుగునాట ఒక తరం టీచర్లకు బాగా గుర్తుండే ఉంటుంది. 1980లలో ప్రయోగాత్మకంగా మొదలై, 1989 నుంచి ఉమ్మడి రాష్ట్రమంతటా విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకానికి బ్రిటిష్ ప్రభుత్వం నిధులిచ్చింది. టీచర్లు దాన్ని 'ఏపీపెప్' అనేవారు. గదులు కట్టారు, టీచర్ సెంటర్లు తెరిచారు. అన్నింటికంటే ముఖ్యంగా ఆరు బోధనా సూత్రాలను రాష్ట్రంలోని ప్రాథమిక టీచర్ల దగ్గరికి తీసుకెళ్లారు. పిల్లలు చేసి నేర్చుకోవాలి, గుంపులుగానూ విడివిడిగానూ పనిచేయాలి, పిల్లలకీ పిల్లలకీ ఉండే తేడాలను టీచరు గమనించాలి, ఊళ్లో దొరికే వస్తువులే బోధనకు వాడాలి, పిల్లలు చేసినవి గోడలమీద కనిపించాలి వంటివి ఆ సూత్రాలు. గోడ నుంచి గోడకు దారం కట్టి పిల్లల బొమ్మలు తగిలించే అలవాటు మన బడుల్లో అంతగా పాతుకుపోవడంలో ఆ పథకానికి పెద్ద వాటా ఉందని నా నమ్మకం. అయితే ఆ సూత్రాలు మొత్తం తరగతి నడిచే తీరుకు సంబంధించినవి. పిల్లవాడికి చదవడం వచ్చిందా అన్నది ఆరింటిలో ఒకటిగా లేదు.

తర్వాత 1994లో కేంద్రం జిల్లా ప్రాథమిక విద్యా పథకాన్ని మొదలుపెట్టింది. ఖర్చులో 85 శాతం కేంద్రం నుంచి, 15 శాతం రాష్ట్రం నుంచి రావాలన్నది ఏర్పాటు. కేంద్రం తన వాటాలో చాలా భాగాన్ని ప్రపంచ బ్యాంకు, యూరోపియన్ సంఘం, బ్రిటన్, నెదర్లాండ్స్, యూనిసెఫ్‌ల నుంచి సమకూర్చుకుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదట వరంగల్, కరీంనగర్, కర్నూలు, నెల్లూరు, విజయనగరం జిల్లాలకు బ్రిటిష్ నిధులు వచ్చాయి. ఆ తరువాత ప్రపంచ బ్యాంకు రుణంతో మరిన్ని జిల్లాలు చేరాయి. మండల వనరుల కేంద్రం, స్కూల్ కాంప్లెక్స్ సమావేశం, రిసోర్స్ పర్సన్ వంటి మాటలు టీచర్ల నోట నానింది ఆ రోజుల్లోనే.

ఆ దారి క్రమంగా సన్నబడింది. కొన్ని ఎంపిక చేసిన దేశాల నుంచి తప్ప ద్వైపాక్షిక సాయం (ఒక దేశ ప్రభుత్వం నేరుగా మరో ప్రభుత్వానికి ఇచ్చేది) తీసుకోబోమని భారత ప్రభుత్వం 2003లో ప్రకటించింది. 2004లో పన్నుల మీద 2 శాతం విద్యా సెస్సు వేసి సర్వశిక్షా అభియాన్ ఖర్చులో పెద్ద భాగాన్ని దేశమే భరించుకుంది. 2015 నాటికి ఆర్థిక గ్రాంట్లు ముగిస్తామని బ్రిటన్ 2012లో చెప్పి, అలాగే ముగించింది. అంటే యూఎస్‌ఎయిడ్ మూతపడటానికి పదేళ్ల ముందే మన ప్రాథమిక విద్య బడ్జెట్‌లో విదేశీ గ్రాంటు లెక్కపెట్టదగిన వాటా కాకుండా పోయింది.

ఇక మిగిలిన దారి స్వచ్ఛంద సంస్థలది. విదేశీ ప్రభుత్వ సంస్థలు గానీ ప్రైవేటు ఫౌండేషన్లు గానీ ఇక్కడి సంస్థలకు నిధులిస్తే, ఆ సంస్థలు రాష్ట్ర విద్యాశాఖతో ఒప్పందం చేసుకుని బడుల్లోకి వస్తాయి. ఈ డబ్బు మొత్తంలో చిన్నదైనా చదవడం అనే ఒక్క విషయం మీద గురిపెట్టింది ఎక్కువగా ఇదే. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టానికి చేసిన సవరణతో ఈ దారి కూడా ఇరుకైంది. విరాళం అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. పరిపాలన ఖర్చు 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. ఆర్థిక క్రమశిక్షణ అవసరమే, దాన్ని కాదనడం లేదు. కానీ జిల్లాల్లో పిల్లల మధ్య పనిచేసే చిన్న సంస్థలు ఇదివరకు పెద్ద సంస్థల ద్వారానే నిధులు పొందేవి. వాళ్లకు ఈ సవరణ నేరుగా తగిలింది.

చదవడాన్ని నిమిషాల్లో కొలవడం

1990లో థాయ్‌లాండ్‌లోని జోమ్‌తియెన్‌లోనూ, 2000లో సెనెగల్ రాజధాని డకార్‌లోనూ జరిగిన అంతర్జాతీయ సమావేశాల తర్వాత దాతల దృష్టంతా పిల్లలను బడిలో చేర్పించడం మీదే ఉండేది. చేరిన పిల్లలకు చదవడం వస్తున్నదా అని ఇంటింటికీ వెళ్లి అడగడం మన దేశంలో 2005లో ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ మొదలుపెట్టిన 'అసర్' సర్వేతో పెద్ద ఎత్తున జరిగింది. ఒక్క కాగితం మీద అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. పిల్లవాడు ఎంతవరకు చదవగలిగితే అదే అతని స్థాయి. 2024 నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలోని ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతం. 2018లో 20.9 ఉన్నది కోవిడ్ తర్వాత 2022లో 16.3కు పడిపోయి, మళ్లీ లేచింది. హైదరాబాద్‌వాళ్లు ఒక సంగతి గమనించాలి: 'అసర్' గ్రామీణ సర్వే కాబట్టి పూర్తిగా పట్టణ ప్రాంతమైన మన జిల్లా అందులో ఉండదు. మన బస్తీ బడుల పిల్లలు ఆ లెక్కల్లో ఎక్కడా కనిపించరు.

దాతలకు నచ్చిన కొలత మరొకటి. 2006లో అమెరికాకు చెందిన ఆర్‌టీఐ అనే పరిశోధన సంస్థ యూఎస్‌ఎయిడ్, ప్రపంచ బ్యాంకుల తోడ్పాటుతో 'ఈగ్రా' అనే పరీక్షను రూపొందించింది. పిల్లను ఒంటరిగా కూర్చోబెట్టి, అక్షరాల ధ్వనులు, అర్థంలేని కల్పిత పదాలు, ఒక చిన్న కథ చదివిస్తారు. ఒక్క నిమిషం గడువు పెట్టి తప్పులేకుండా చదివిన మాటలు లెక్కిస్తారు, ఆపైన కథ మీద నాలుగైదు ప్రశ్నలు అడుగుతారు. దీని వెనుక ఉన్న ఆలోచన సమంజసమైనదే. మాటను కూడబలుక్కోవడంలోనే పిల్లవాడి శక్తంతా ఖర్చయితే, వాక్యం చివరికి వచ్చేసరికి మొదట ఏం చదివాడో మరిచిపోతాడు. కాబట్టి అర్థం తెలియాలంటే కొంత వేగం తప్పనిసరి. నిమిషానికి 45 మాటలన్న గుర్తు ఆ చర్చల్లోంచే ప్రచారంలోకి వచ్చింది. 2011లో యూఎస్‌ఎయిడ్ తన విద్యా వ్యూహంలో 10 కోట్లమంది చిన్నపిల్లల చదివే సామర్థ్యాన్ని పెంచుతామని లక్ష్యం పెట్టుకున్నప్పుడు ఈ పరీక్ష దేశదేశాలకూ పాకింది. మన కేంద్ర ప్రభుత్వ పునాది చదువుల కార్యక్రమం 'నిపుణ్ భారత్' కూడా 2021లో రెండో తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతి చివరికి కనీసం 60 మాటలు అర్థవంతంగా చదవాలని నిర్దేశించింది.

ఈ కొలత తెలుగు దగ్గరికి వచ్చేసరికి ఏమవుతుందో నేను బీరువా పక్కన కూర్చుని చూశాను. మూడో తరగతి పిల్ల ఒకతె 'ముగ్గు' అన్న మాటను ఇలా చదివింది: "మకు కొమ్మిస్తే ము, గకు కొమ్మిస్తే గు, గ వత్తిస్తే గ్గు... ముగ్గు." మాట నోటికి రాగానే మొహం విప్పారి, "మా అమ్మ పొద్దున్నే ఏస్తది" అంది. నిమిషం లెక్క పెడితే ఆ పిల్ల పది మాటలు కూడా దాటదు. అలాగని ఆమెకు చదవడం రాదనడం అన్యాయం. తెలుగులో అచ్చులు, హల్లులు గుర్తుపట్టడంతో పని అయిపోదు. గుణింతాలూ వత్తులూ కలిపితే పిల్ల కంటికి ఎదురయ్యే రూపాలు వందల్లో ఉంటాయి. మన లిపికి అతి దగ్గరిదైన కన్నడం మీద సొనాలీ నాగ్ చేసిన పరిశోధన, పిల్లలకు ఈ అక్షరాలన్నీ పట్టుబడటం ప్రాథమిక తరగతులు చాలావరకు గడిచేదాకా సాగుతుందని చూపింది. ఇంగ్లిష్‌లో 26 అక్షరాలు రెండు మూడు నెలల్లో పరిచయమవుతాయి, ఆపైన వాటి ఉచ్చారణతో కుస్తీ మొదలవుతుంది; మన కష్టం వేరే చోట ఉంది.

ఇక మాటలను లెక్కించడంలో ఇంకొక ఇబ్బంది. 'తినిపించలేకపోయింది' అన్నది తెలుగులో ఒకే మాట. అదే భావం ఇంగ్లిష్‌లో చెప్పాలంటే అయిదారు మాటలు కావాలి. నిమిషానికి 45 మాటలన్న అంకెను అన్ని భాషలకూ ఒకేలా వర్తింపజేస్తే తెలుగు పిల్ల అదే నిమిషంలో ఎక్కువ పొడవైన మాటలు చదవవలసి వస్తుంది. ఒక భాష అంకెను మరో భాషకు తగిలించవద్దని ఆ పరీక్షను తయారుచేసినవాళ్లే హెచ్చరించారు. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ జరిపిన పునాది అభ్యసన అధ్యయనం కూడా ఒక్కో భాషకు విడిగా ప్రమాణాలు నిర్ణయించింది. అయినా జిల్లా సమీక్షా సమావేశాల దాకా వచ్చేసరికి నిలిచేది ఒక్క అంకే.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది ఒక పిల్లవాడి 'తప్పు'. పుస్తకంలో 'రాజు చెట్టు ఎక్కి చూశాడు' అని ఉంది. వాడు వేలు పెట్టి, "రాజు చెట్టెక్కి చూసిండు" అని చదివాడు. గడువు పెట్టిన పరీక్షలో దాన్ని తప్పుగా గుర్తిస్తారు. కానీ ఆ పిల్లవాడు అక్షరాలను దాటి అర్థంలోకి వెళ్లి, అక్కడి నుంచి తన ఇంటి మాటలో బయటికి వచ్చాడు. 'చూశాడు' అని గుక్కతిప్పుకోకుండా చదివి, ఎవరు చూశారని అడిగితే బిక్కమొహం వేసిన పిల్లలూ అదే తరగతిలో ఉన్నారు. పరీక్ష నిర్వహించే మనిషికి తెలంగాణ మాట తెలిసి ఉండటం, ఆ తేడాను గుర్తించే స్వేచ్ఛ అతనికి ఉండటం అవసరమని నేననేది ఇందుకే.

డబ్బు ఏం కొన్నప్పుడు పిల్లలు చదివారు

ఈ విషయంలో గత ముప్పై ఏళ్ల ప్రయోగాలు మనకు చాలా నేర్పాయి, వాటిలో కొన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనే జరిగాయి. మొదట కెన్యా సంగతి. 1990లలో అక్కడి బడులకు ఒక డచ్ సంస్థ పాఠ్యపుస్తకాలు ఇచ్చింది. గ్లూవె, క్రెమర్, మూలాన్ అనే ఆర్థికవేత్తలు ఆ ఫలితాలను కొలిచారు. సగటు మార్కులు పెరగలేదు. అప్పటికే బాగా చదివే పిల్లలు మాత్రమే లాభపడ్డారు. కారణం, పుస్తకాలు ఇంగ్లిష్‌లో ఉన్నాయి, చాలామంది పిల్లలకు అది మూడో భాష. చదవలేని పుస్తకం ఎంత మంచిదైనా పిల్లవాడికి అందేది దాని బరువే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు, బ్రిటన్ అంతర్జాతీయ అభివృద్ధి శాఖల తోడ్పాటుతో 2005 తర్వాత అయిదు జిల్లాల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు వరుస ప్రయోగాలు చేశారు. అందులో ఒకటి బడులకు గ్రాంటు ఇచ్చి పిల్లలకు కావలసిన సామగ్రి కొనమనడం. మొదటి ఏడాది అది తల్లిదండ్రులకు ముందుగా తెలియదు కాబట్టి పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడాది గ్రాంటు వస్తుందని తెలిసేసరికి ఇళ్లలో పుస్తకాలకూ నోటుబుక్కులకూ పెట్టే ఖర్చు చాలావరకు తగ్గించుకున్నారు. మార్కుల్లో పెరుగుదల కనిపించలేదు. ఇందులో తల్లిదండ్రులను తప్పుపట్టడానికి లేదు. మిగిలిన నాలుగు డబ్బులు ఆ ఇంట్లో మరో అవసరానికి ఉపయోగపడే ఉంటాయి. కానీ సాయం ఇచ్చినవాళ్లు కోరుకున్నది ఆ ఇంటి ఊరట కాదు, పిల్ల చదువు.

అమెరికాకు చెందిన హ్యూలెట్, గేట్స్ ఫౌండేషన్ల అండతో 2007లో విస్తరించిన, పిల్లలకు చదవడం నేర్పే ప్రథమ్ కార్యక్రమం 'రీడ్ ఇండియా' అనుభవం దీనికి తరువాయి. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, వారి సహచరులు దాన్ని చాలా చోట్ల పరీక్షించారు. బిహార్‌లో సామగ్రి మాత్రమే ఇచ్చిన బడుల్లో ఫలితం లేదు. సామగ్రితోపాటు టీచర్లకు శిక్షణ ఇచ్చినా పెద్దగా మార్పు రాలేదు. ఊరి వాలంటీర్లు వచ్చి పిల్లలను వాళ్ల స్థాయిని బట్టి కూర్చోబెట్టి నేర్పినచోట చదవడం వచ్చింది. అప్పుడు టీచర్లు పనికిరారన్న మాట వచ్చింది. హర్యానా దాన్ని తప్పని చూపించింది. అక్కడ ప్రభుత్వ టీచర్లే రోజుకు ఒక గంట తరగతులను పక్కనపెట్టి, అక్షరాల దగ్గరున్నవాళ్లు ఒకచోట, కథ చదివేవాళ్లు ఒకచోట అని పిల్లలను విడదీసి చెప్పారు. క్లస్టర్ (కొన్ని బడుల సముదాయం) స్థాయి ఉద్యోగులు ముందుగా తామే బోధించి చూసి, ఆపైన టీచర్ల తరగతులకు వెళ్లి సాయపడ్డారు. హిందీ చదవడం మెరుగుపడింది. రెండు రాష్ట్రాల టీచర్లకూ పద్ధతి తెలుసు. హర్యానా టీచరుకు అదనంగా దక్కింది సిలబస్ బెడద లేని ఒక గంట, పక్కన నిలబడే ఒక మనిషి.

కెన్యాలో యూఎస్‌ఎయిడ్, బ్రిటన్ నిధులతో 2015లో దేశమంతటా మొదలైన 'తుసోమె' ఇదే సూత్రాన్ని మరింత బిగువుగా అమలుచేసింది. ఆ మాటకు స్వాహిలీలో 'చదువుకుందాం' అని అర్థం. పిల్లకొక పుస్తకం, టీచరుకు రోజువారీ పాఠాల గైడు, వీటితోపాటు ప్రభుత్వంలో అప్పటికే ఉన్న పర్యవేక్షక ఉద్యోగులకు టాబ్లెట్లు. వాళ్లు తరగతిలో కూర్చుని పాఠం చూడాలి, ఒకరిద్దరు పిల్లల చేత చదివించాలి, టీచరుతో మాట్లాడాలి. వెళ్లివచ్చిన ఖర్చు వాళ్లకు ముట్టాలి. మామూలుగా అజమాయిషీకి వచ్చే అధికారి రిజిస్టర్లు చూసి వెళ్తాడు. ఇక్కడ అతని పనే మారింది. దేశస్థాయిలో చదవడాన్ని నిజంగా మెరుగుపరిచిన కార్యక్రమాల్లో దీన్ని ముందువరసలో చెబుతారు. అదనపు సామగ్రి ఒక్కటే ఇవ్వడం దండగ ఖర్చనీ, క్రమబద్ధమైన బోధనా పద్ధతి, స్థాయిని బట్టి బోధన మంచి ఖర్చులనీ 2020 నుంచి అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి చెబుతున్నది కూడా ఇలాంటి ఆధారాల మీదే.

ఇక్కడే దాతలూ ప్రభుత్వాలూ ఒక పొరపాటు చేస్తాయి. పైలట్ దశలో పనిచేసిన దాన్ని తక్కువ ఖర్చుతో విస్తరించాలని చూస్తాయి. ఉత్తర ఉగాండాలో లాంగో భాషలో చదవడం నేర్పిన ఒక కార్యక్రమాన్ని కెర్విన్, థార్న్‌టన్ అనే పరిశోధకులు రెండు రకాలుగా పరీక్షించారు. పూర్తిఖర్చు పెట్టిన బడుల్లో చదవడం ఎంతో మెరుగైంది. పలకల వంటి సామగ్రి తీసేసి, శిక్షణను సంస్థ సిబ్బంది బదులు ప్రభుత్వ శిక్షకులకు అప్పగించిన చౌక పద్ధతిలో పిల్లలు అక్షరాల పేర్లు బాగానే చెప్పారు, కానీ రాయడంలో కొన్ని అంశాల్లో ఏ కార్యక్రమమూ లేని బడుల పిల్లల కంటే వెనుకబడ్డారు. అక్షరాల పేర్లు మాత్రమే కొలిచి ఉంటే ఆ చౌక పద్ధతి గొప్ప విజయమని నివేదిక వచ్చేది.

హైదరాబాద్‌లో దీనికి భాష అనే మరో ముడి ఉంది. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటో తరగతి నుంచి ఇంగ్లిష్ మాధ్యమం వచ్చింది, ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురుపేజీలో తెలుగు ఉండే పుస్తకాలు ఇచ్చారు. పాతబస్తీలో ఇంట్లో దక్కనీ మాట్లాడే పిల్లలున్నారు. కట్టడాల పనికి వచ్చిన ఒడియా, హిందీ, మరాఠీ కుటుంబాల పిల్లలు నగరం అంచుల్లోని బడుల్లో ఉన్నారు. నేను చదివించిన ఇరవైమందిలో నలుగురికి ఇంటి భాష తెలుగు కాదు. ఇంగ్లిష్ మాధ్యమం కోరుకున్న తల్లిదండ్రుల ఆశను నేను గౌరవిస్తాను. అయినా కెన్యా పుస్తకాల అనుభవం చూసిన తర్వాత, పిల్లకు తెలిసిన ఏదో ఒక భాషలో ముందు చదవడం స్థిరపడకుండా రెండు లిపులు ఒకేసారి ముందు పెట్టడం వల్ల మంచి జరుగుతుందని చెప్పలేను. విదేశీ దాతలు ఎవరూ ఈ ముడి విప్పలేరు, ఇది మన రాజకీయాల్లో మనమే తేల్చుకోవలసింది.

పద్ధతి సంగతికొస్తే, ఇప్పుడు అది ప్రభుత్వం దగ్గర ఉంది. 2022 ఆగస్టు 15న తెలంగాణ మొదలుపెట్టిన 'తొలిమెట్టు' ఒకటి నుంచి అయిదో తరగతి వరకు పునాది చదువుల కోసం ఉద్దేశించింది; పిల్లల స్థాయిని తెలుసుకుని దానికి తగ్గట్టు చెప్పాలన్న మాట ఈ రోజు టీచర్లందరికీ తెలుసు. దానికి విదేశీ నిధి అక్కర్లేదు. కావలసింది హర్యానాలోనూ కెన్యాలోనూ కనిపించిన ఆ రెండో మనిషి. మన దగ్గర ఆ పని చేయవలసిన క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు కాంట్రాక్టు మీద ఉన్నారు. వాళ్ల రోజులో ఎక్కువ భాగం వివరాలు సేకరించి ఆన్‌లైన్‌లో ఎక్కించడానికే పోతుంది. పాఠం జరుగుతుండగా వెనక బెంచీ మీద కూర్చుని, ఆ తర్వాత టీచరుతో ఒక పావుగంట మాట్లాడే తీరిక వాళ్లకు ఇవ్వడమన్నది జీతాల పద్దులోనూ పనుల కేటాయింపులోనూ తేలవలసిన విషయం.

మా బడిలో రెండో ఏడాది ప్రధానోపాధ్యాయురాలు ఒప్పుకుని నలభై పుస్తకాలు బయటపెట్టారు. కిటికీ ఊచల మధ్య నైలాన్ తాడు కట్టి, పుస్తకాలను నడిమికి తెరిచి దాని మీద వేలాడదీశాం. దసరా సెలవుల నాటికి పదకొండు చిరిగాయి. వాటిలో ఏడింటిని పిల్లలే అన్నం మెతుకులతో అతికించారు, మిగతా నాలుగూ అతికే స్థితిలో లేవు. వాడి చిరిగిన పుస్తకాలను రిజిస్టర్ నుంచి కొట్టివేయవచ్చా అని ఆవిడ పై కార్యాలయాన్ని అడిగారు. ఫర్వాలేదు మేడమ్, వాడుకోండి అన్నారు. అదే మాట కాగితం మీద రాసివ్వమన్నారు ఆవిడ. ఆ కాగితం వచ్చేదాకా మిగిలిన నూట అరవై చిల్లర పుస్తకాలూ బీరువాలోనే ఉన్నాయి.